నా వెనకాల ఎవరో పాడుతున్నారురా!

నాలుగేళ్ల కిందట కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునూ హెడ్‌ఫోన్లనూ కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె) గురించి రాద్దామని కూర్చుంటే, తీరా దాని మీదున్న ఒక్క బటన్ గురించే చెప్పాలనిపిస్తోంది. పెట్టె ఏ కంపెనీదో చెప్పను, దాని మీద నాకు కొన్ని పితూరీలు కూడా ఉన్నాయి. అయినా ఈ ధరలో దొరికే రెండు ఇన్‌పుట్ల పెట్టెలన్నీ ఇంచుమించు ఒక తల్లి పిల్లలే. ఎన్ని బిట్లు, ఎన్ని హెర్ట్జులు అన్నది అట్టపెట్టె మీదే అచ్చేసి ఉంటుంది. ఆ అంకెలు చూసి నేనూ మురిసిపోయాను. ఈ నాలుగేళ్లలో వాటితో పని పడింది మాత్రం లేదు.

పని పడింది ‘డైరెక్ట్ మానిటర్’ అనే బటన్‌తో. కొన్న మొదటి మూడు నెలలూ అది ఎందుకుందో నాకు తెలియదు. దుమ్ము తుడిచేటప్పుడు నొక్కుకుపోతే మళ్లీ బయటికి లాగేవాణ్ణి.

మాది విజయనగరం. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలుగా సంగీత కళాశాల మొదలైన ఊరు. సాయంత్రం పూట నాలుగు వీధులు తిరిగితే ఎక్కడో ఒకచోట వయొలిన్ వినబడుతుంది. నేను ఉద్యోగం చేసుకుంటూ తీరికవేళల్లో వీణ వాయించేవాణ్ణి. ఉన్నది బొబ్బిలి వీణ. గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసింది. నా వాయింపు లోకం వినాలన్న కోరికేమీ లేదు. మా మేనత్త పాటలు పట్టి పెట్టుకోవాలన్నదే అసలు ఆలోచన. పార్వతీపురం దగ్గర పల్లెలో ఉంటుంది, డెబ్భై నాలుగేళ్లు. తలంటు పాట, బంతులాట పాట, అప్పగింతల పాట, మంగళహారతులు... పెళ్లింట్లో ఏ ఘట్టానికి ఆ పాట ఆవిడ నోట సిద్ధంగా ఉంటుంది. పెట్టె, ఒక మైకు, హెడ్‌ఫోన్లు అన్నీ కలిపి ఇరవై వేలు దాటకుండా కొన్నాను. మైకు షూర్ ఎస్ఎం58. 1966 నుంచి వస్తున్న రకం, కింద పడేసినా పనిచేస్తుంది. మా ఇంటికి అదే సరి. చిన్న చప్పుడునూ పట్టేసే కండెన్సర్ మైకు ఒకటి అరువు తెచ్చి చూస్తే అత్తయ్య పాటకంటే ముందు పక్కింటి కుక్కరు కూత, వీధిలో కూరగాయల బండి లౌడ్‌స్పీకరు పడ్డాయి.

మొదటిరోజు సంగతి. నేను వీణ మీద ఒక హారతి పాట వాయించి ముందే రికార్డు చేసి పెట్టాను. అది వింటూ అత్తయ్య పాడాలి. హెడ్‌ఫోన్లు చూసి “ఈ కొబ్బరి డిప్పలేమిట్రా?” అంది. పెట్టాను. సగం చరణం పాడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది. డిప్పలు తీసి వెనక్కి తిరిగి చూసి అడిగింది: “నా వెనకాల ఎవరో పాడుతున్నారురా. ఎవరది?”

ఎవరూ లేరు. ఆవిడ గొంతే, కొంచెం ఆలస్యంగా. మనం పాడింది పెట్టెలో అంకెలుగా మారి కంప్యూటర్‌లోకి వెళుతుంది. రికార్డింగ్ ప్రోగ్రామ్ దాన్ని గుప్పెళ్లు గుప్పెళ్లుగా తీసుకుని, చూసుకుని, తిరిగి పెట్టెకు పంపితే అప్పుడు చెవికి చేరుతుంది. ఆ గుప్పెడే బఫర్. నాది 512 శాంపిళ్ల మీద ఉంది (శాంపిల్ అంటే శబ్దాన్ని కొలిచిన ఒక్కో అంకె). సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన వెళ్లడానికి పదకొండున్నర మిల్లీసెకన్లు, రావడానికి అంతే, మధ్యలో పెట్టెకూ కంప్యూటర్‌కూ మాట కలిపే డ్రైవరు అనే సాఫ్ట్‌వేర్ దగ్గర మరికొంత. మొత్తం ముప్ఫైకి అటూ ఇటూ. ముప్ఫై మిల్లీసెకన్లలో గాలిలో శబ్దం పది మీటర్లు పోతుంది. అంటే తానే వీధి గుమ్మం దగ్గర నిలబడి పాడుతున్నట్టు అత్తయ్య తన గొంతు వింటోంది. సొంత గొంతు పుర్రె ఎముకల్లోంచి చెవికి అప్పటికప్పుడే అందుతుంది కదా, దాని వెనకే ఈ రెండోది. ఎవరికైనా తడబాటే. బఫర్ 64కు తగ్గించి చూశాను. నా పాత ల్యాప్‌టాప్ ఆ వేగం అందుకోలేక పెనంలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది.

ఆ రాత్రి తిక్కపుట్టి పెట్టె మీద ఉన్నవన్నీ నొక్కాను. డైరెక్ట్ మానిటర్ నొక్కి, ప్రోగ్రామ్‌లో నా గొంతును తిరిగి వినిపించే ఎంపిక తీసేయగానే వెనక మనిషి మాయమయ్యాడు. ఆ బటన్ చేసేదల్లా ఇంతే: మైకు శబ్దాన్ని కంప్యూటర్‌దాకా తిప్పకుండా పెట్టెలోంచే అడ్డదారిన హెడ్‌ఫోన్లకు పంపడం. కంప్యూటర్‌కు వెళ్లేది వెళుతూనే ఉంటుంది. మర్నాడు అత్తయ్య డిప్పలు పెట్టుకుని రెండు చరణాలు ఆగకుండా పాడి, “ఇప్పుడు ఒక్కదాన్నే ఉన్నాను” అంది.

దాంతో ఆ బటన్‌కు దాసుణ్ణయిపోయాను. కొత్తగా రికార్డింగ్ మొదలుపెడుతున్నామని ఎవరు అడిగినా ఇదే చెప్పేవాణ్ణి. వేగమైన కంప్యూటర్ అక్కర్లేదు, ఖరీదైన ప్రోగ్రామ్ అక్కర్లేదు, ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు, పెట్టె మీద ఈ బటన్ ఉందో లేదో చూసుకోండి అని. (రీపర్ కూడా మంచిదే. 60 రోజులు ఊరికే వాడి చూడవచ్చు, ఆ తర్వాత సొంత వాడకానికి 60 డాలర్లు.)

ఆ బటన్ ఇంకో మేలు కూడా చేసింది. వీణ తక్కువ చప్పుడు చేసే వాయిద్యం. ఎస్ఎం58తో పట్టాలంటే గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) చివరిదాకా తిప్పాలి, అప్పుడు బుస్సుమంటుంది. అందుకని మేళంవాళ్ల దగ్గర చూసి, వాయిద్యం అదురును నేరుగా పట్టే కాంటాక్ట్ మైకు ఒకటి కొని వీణ కుండకు అంటించాను. గుంయ్... అని ఒకటే రొద. తాళపు తీగ మోగుతోందేమో అనుకున్నాను. ప్రోగ్రామ్ సెట్టింగులు మార్చీ మార్చీ ఒక ఆదివారం గడిచిపోయింది. చివరికి ప్రోగ్రామ్ పూర్తిగా మూసేసి, డైరెక్ట్ మానిటర్ నొక్కి విన్నాను. రొద అలాగే ఉంది. అంటే తప్పు ప్రోగ్రామ్‌ది కాదు. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకాను, టక్కున ఆగింది. పెట్టాను, వచ్చింది. ఛార్జరు పెట్టి ఉండగా వైరు కొసనున్న లోహపు జాక్‌ను వేళ్లతో పట్టుకుంటే రొద తగ్గుతోంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్ట్ ల్యాంపుతో చూశాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య పెడితే బల్బు వెలిగింది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెడితే చడీచప్పుడు లేదు. సాకెట్ విప్పి చూస్తే పైనున్న పెద్ద బెజ్జం వెనక వైరే లేదు. ముప్ఫై ఏళ్ల ఇల్లు. మూడు బెజ్జాల సాకెట్లు అలంకారానికి పెట్టినట్టున్నారు. పెరట్లో గుంట తవ్వి ఎనిమిది అడుగుల జీఐ పైపు దించి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోసి, అక్కణ్ణుంచి గదిలోకి తీగ లాగారు. గోడ మీదుగా పక్కింటాయన “మొక్క పెడుతున్నారా?” అని అడిగితే, “కాదండీ, వీణ కోసం” అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు రొద ముప్పాతిక వంతు పోయింది. మేలో నేల ఎండినప్పుడు మళ్లీ కొద్దిగా మొదలవుతుంది, గుంటలో రెండు బక్కెట్ల నీళ్లు పోస్తే తగ్గుతుంది. రొద పోవడానికి ప్లగ్గు మూడో పిన్ను విరిచేయమని సలహా చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి, షాకు కొట్టకుండా కాపాడేది అదే. గుంట తవ్వించుకునే వీల్లేని అద్దె ఇళ్లవాళ్లు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపుతూ రికార్డు చేసుకోవచ్చు. ఎర్తింగ్ వచ్చాక కూడా ముఖ్యమైన రోజు నేను చేసేది అదే.

ఇంతవరకూ చదివితే బటన్‌కు హారతి పడుతున్నానని అనిపించవచ్చు. ఇప్పుడు రెండో సంగతి.

రెండేళ్ల కిందట శ్రావణంలో అత్తయ్య మా ఇంట్లో మూడు రోజులు ఉంది. వెళ్లిపోయే రోజు పొద్దున్నే తనంతట తానే “ఆ డిప్పలు తీసుకురా, పెళ్లి పాటలు గుర్తొస్తున్నాయి” అంది. అప్పటికి ఆవిడకు డిప్పలంటే ముద్దు. తన గొంతు అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదట. ఫ్యాను ఆపాను. కిటికీకి బొంత కట్టాను. బీరువా తలుపు సందులో మడిచిన కాగితం కుక్కాను. కుక్కకపోతే కింది స్వరాలకు అది కూడా ఝుమ్మంటుంది. ఆడాసిటీ తెరిచాను. అప్పుడు గుర్తొచ్చి పెట్టెను ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ఈ రెండు పనుల వరుస గమనించండి.

నలభై ఏడు నిమిషాలు, పదకొండు పాటలు. వీణ లేదు, ఏమీ లేదు, ఉత్త గొంతు. నేను రెండో జత డిప్పలు పెట్టుకుని విన్నాను. అప్పగింతల పాటలో ఒకచోట గొంతు జీర పోయి, తమాయించుకుని పై స్థాయి అందుకుంది. పెట్టె మీద ఆకుపచ్చ దీపం పాటకు తగ్గట్టు వెలుగుతోంది. తెర మీద గీతలు కూడా పాటకు తగ్గట్టే లేస్తున్నాయి. మధ్యాహ్నం బస్సుకు ఆవిడ వెళ్లిపోయింది.

సాయంత్రం తెరిచి విన్నాను. ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను హోరు, నేను టేబుల్ మీద చెయ్యి ఆనించిన చప్పుడు, దూరంగా అత్తయ్య. రికార్డయింది ఎస్ఎం58లోంచి కాదు, ల్యాప్‌టాప్ సొంత మైకులోంచి. ప్రోగ్రామ్ తెరిచాక పెట్టె తగిలిస్తే ఆడాసిటీ జాబితాలో అది కనబడదు. పరికరాలను మళ్లీ వెతకమని చెప్పాలి, లేదా ప్రోగ్రామ్ మూసి తెరవాలి. నేను ఏదీ చేయలేదు. తెర మీద గీతలు లేచాయంటే, అదే గదిలో ఉన్న ఆ మైకుకూ పాట వినబడుతోంది కాబట్టి. పెట్టె మీద దీపం వెలిగిందంటే, పెట్టె తన పని తాను చేస్తోంది కాబట్టి. నా చెవిలో అంత కమ్మగా మోగింది డైరెక్ట్ మానిటర్. అది కంప్యూటర్‌తో సంబంధం లేని దారి అని మొదటిరోజే తెలుసుకుని, అందుకే దాన్ని మెచ్చుకున్నాను కదా. అటువైపు ఏం జరుగుతోందో అది చెప్పదని మాత్రం తట్టలేదు.

శబ్దం సన్నగా ఉన్నా సర్దుకునేవాణ్ణి. నా ల్యాప్‌టాప్ మైకు వెనక మాటల కోసం పెట్టిన ఒక జల్లెడ ఉంది. ఒకే తీరున సాగే శబ్దాన్ని ఫ్యాను రొద అనుకుని అణిచేస్తుంది. అత్తయ్య చరణం చివర స్వరాన్ని సాగదీసిన ప్రతిచోటా అది కత్తెర వేసింది. మాటలన్నీ ఉన్నాయి, రాగం లేదు. పాటలు రాసుకోవడానికి తప్ప ఆ నలభై ఏడు నిమిషాలూ ఎందుకూ పనికిరావు. అందుకే వాడుకున్నాను కూడా, అన్నీ నోటుబుక్కులో ఎక్కించాను.

సంక్రాంతికి మళ్లీ పాడించాను. ఏడు వచ్చాయి. మిగతా నాలుగూ అడిగితే, “అవి పెళ్లిపీటల దగ్గర వాటంతటవే వస్తాయిరా, కూర్చోబెట్టి అడిగితే రావు” అంది. మాటలు నోటుబుక్కులో చూసి చదివి వినిపించాను. “మాటలు అవే. దారి గుర్తురావడం లేదు” అంది.

అప్పటినుంచి రికార్డు నొక్కేముందు గోరుతో మైకు జాలీ మీద ఒకసారి గీకుతాను. తెర మీద పెద్ద గీత లేవాలి. తర్వాత ల్యాప్‌టాప్ అంచు మీద గీకుతాను. అక్కడ ఏమీ లేవకూడదు. మొదటి రెండు నిమిషాలూ రికార్డు చేసి ఆపి, డైరెక్ట్ మానిటర్ తీసేసి, పట్టినదాన్ని వింటాను. అత్తయ్య ఇదంతా చూసి “దిష్టి తీస్తున్నావా?” అంది.

బటన్‌కు ఇంకా చిన్న చిన్న లోపాలున్నాయి. నా పెట్టె మీద అది నొక్కితే ఉంటుంది, లేకపోతే లేదు, అంతే. సొంత గొంతు ఎంత, వెనక వాయిద్యం ఎంత అని పాళ్లు కలుపుకోవడానికి నాబ్ లేదు. వీణ తన గొంతును మింగేస్తోందని అత్తయ్య అంటే ప్రోగ్రామ్‌లోకి వెళ్లి వీణ తగ్గించాలి. కొంచెం ఎక్కువ ధర పెట్టెల్లో ఆ నాబ్ ఉంటుంది, డబ్బుంటే అదే తీసుకోండి. చెవిలో పడేది పొడి గొంతే, గుడి మంటపంలో పాడినట్టు ప్రతిధ్వని కలిపి వినాలంటే కుదరదు. ఇక కీబోర్డు తగిలించి కంప్యూటర్‌లోని వాయిద్యాలు వాయించేవాళ్లకు ఈ బటన్‌తో పనే లేదు. అక్కడ శబ్దం పుట్టేదే కంప్యూటర్‌లో. వాళ్లు నా మాట పక్కనపెట్టి మంచి డ్రైవరు, వేగమైన కంప్యూటర్ చూసుకోవాలి. కొత్తవాళ్లకు నేనిచ్చిన సలహాను ఆమేరకు వెనక్కి తీసుకుంటున్నాను.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటానా? నాకైతే సరిపోయింది. సొంత ఇల్లు, పెరట్లో గుంట తవ్వే చోటు, ఒక వీణ, ఒక గొంతు, తొందరలేని పని. ఈ మధ్య గెయిన్ నాబ్ తిప్పితే కరకరమంటోంది. బాగుచేయించడానికి విశాఖ పంపాలి, కానీ మాఘంలో అత్తయ్య మనవరాలి పెళ్లి ఉంది. పెట్టెను అక్కడికే పట్టుకెళుతున్నాను. పీటల పక్కన డిప్పలు పెట్టుకుని కూర్చోవడానికి ఆవిడ ఒప్పుకుంది.