గుంటగలగర నూనె: పచ్చి రసంతోనా, ఎండిన ఆకుతోనా?

వానాకాలం నాట్లు పడి, పొలం ఒరాల మీద గుంటగలగర తెల్లపూలు కనిపించగానే అందరూ అడిగేది ఒకటే: తలనూనెకు పచ్చి ఆకు రసం మేలా, ఎండబెట్టిన ఆకు మేలా? రెండింటితోనూ మంచి నూనె వస్తుంది. రెండింటినీ చెడగొట్టేది మాత్రం ఒక్కటే, లోపల మిగిలిపోయిన నీరు. చేసే తీరిక ఉంటే నా ఓటు పచ్చి రసానికే, ఎందుకంటే ఆ నీరు పోయిందో లేదో తేల్చుకునే పరీక్ష అందులోనే ఉంది.

పావు లీటరు గానుగ నువ్వుల నూనెకు లీటరు రసం, 30 గ్రాముల మెత్తటి ఆకు ముద్ద. ఆయుర్వేదంలో పచ్చి రసంతో తైలం కాచే లెక్క ఇదే: నూనెకు నాలుగింతల రసం, ఎనిమిదో వంతు ముద్ద. మూడు లీటర్ల గంజు తీసుకోండి, చిన్నదైతే పొంగుతుంది. సన్న సెగ మీద, అడుగు నుంచి కలుపుతూ కాచాలి. మంట పెంచితే పైన నీరు ఉండగానే అడుగున ముద్ద మాడుతుంది, ఆ మాడు వాసన ఇక పోదు.

రసం ఇగిరాక గరిటెకు అంటిన ముద్దను చల్లార్చి వేళ్ల మధ్య నలపండి. జిగటగా అంటుకుంటే నీరు ఉన్నట్టే. వత్తిలా చుట్టుకుంటే దాన్ని మంటకు చూపండి. చిటపటలాడితే ఇంకాసేపు కాచాలి, చప్పుడు లేకుండా అంటుకుంటే వెంటనే దించాలి. అదే సమయానికి నూనె మీద నురుగు లేస్తుంది. నెయ్యి కాచేటప్పుడైతే దీనికి వ్యతిరేకంగా నురుగు అణిగిపోతుంది, ఆ అలవాటుతో నూనె దగ్గర పొరబడొద్దు. ముందే దించిన నూనె సీసాలో అడుగున మబ్బుగా మారి, కొద్దిరోజుల్లోనే ముక్కవాసన కొడుతుంది. దాటిపోతే ముద్ద ఇసుకలా గరుకవుతుంది.

ఎండిన ఆకుతో పని తేలిక. అర లీటరు నూనెలో 50 గ్రాముల ఆకు వేసి, నీళ్ల గిన్నెలో పెట్టి రెండు గంటలు వెచ్చబెట్టి వడకట్టడమే. చిక్కంతా ఎండబెట్టడంలో ఉంది. వరంగల్‌లో ముసురు పట్టిందంటే నీడలో ఆకు రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది. నలిపితే గలగలమని పొడి కావాలి, కాడ పుటుక్కున విరగాలి. ఎండితే ఆకు నల్లబడటం దీని స్వభావం, భయపడొద్దు. తెల్లటి పొర కనిపిస్తే మాత్రం అది బూజు, పారేయండి. వానలు తగ్గాక కోసి ఎండబెట్టుకునేవాళ్లకు ఈ పద్ధతి బాగానే నడుస్తుంది.

అంగట్లో దొరికే పొడి సంగతి క్లుప్తంగా: ఏ ఆకో చూసి పోల్చుకోలేం, సన్నపొడి వడకట్టినా నూనెలో మడ్డిగా మిగులుతుంది.

ఆకు ఎక్కడిదన్నదీ ముఖ్యమే. మత్తడి కింద తడినేలలో దండిగా ఉంటుంది గానీ, గడ్డిమందు కొట్టిన ఒరాల మీద, ఊరి మోరీల పక్కన కోయొద్దు. కాడ తుంచి కాసేపు ఆగితే తుంచిన చోట నల్లబడాలి. పొడుగాటి కాడ చివర ఒంటి పువ్వు, దాని నడుమ పసుపు ఉంటే అది గడ్డిచామంతి. పూరేకులూ పసుపైతే వేరే మొక్క.

అందుకే కుండీ నయం. జానెడు కాడ కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చి, తడి ఆరకుండా చూస్తే కణుపుల దగ్గర వేళ్లు దిగుతాయి. గింజలైతే మట్టి కప్పకుండా పైనే చల్లండి, మొలకెత్తడానికి వెలుగు కావాలి. పూత మీద కోసేటప్పుడు నాలుగు వేళ్ల మోడు వదిలితే మళ్లీ చిగురిస్తుంది.

నూనెను గోరువెచ్చగా ఉండగానే వడకట్టి, ఎండలో ఆరిన గాజు సీసాలో పోయండి. తడి చేతితో మూత తీయకండి.