వేగస్‌లో "ఫ్రీ షో టికెట్లు" అని పిలిస్తే ఆగకండి

వేగస్‌లో పెద్ద హోటళ్ళుండే స్ట్రిప్ రోడ్డు మీద, క్యాసినో హోటళ్ళ లాబీల్లో, మాల్స్‌లో చిన్న కౌంటర్ పెట్టుకుని కొందరు నిలబడి ఉంటారు. షో టికెట్లు కావాలా, ఎక్కణ్ణుంచి వచ్చారు, మీరిద్దరూ భార్యాభర్తలేనా అని నవ్వుతూ అడుగుతారు. షో చూడటానికి పెళ్ళయిందో లేదో ఎందుకండీ? వాళ్ళు అమ్మేది టికెట్లు కాదు, టైమ్‌షేర్, అంటే ముందే డబ్బు కట్టించుకుని ఏటా కొన్ని రోజులు రిసార్ట్‌లో ఉండే హక్కు ఇవ్వడం. ఒక్కరే సంతకం పెట్టి, ఇంటికెళ్ళాక రెండోవాళ్ళు వద్దంటే బేరం పోతుంది కాబట్టి ఇద్దర్నీ కలిపి కూర్చోబెడతారు.

మాకు ఇది ట్రిప్ ఆఖరి రోజున తగిలింది. రాత్రికి డాలస్ ఫ్లైట్. పొద్దున్నే చెక్‌అవుట్ చేసి సామాను బెల్ డెస్క్‌లో పెట్టేసి, ముందు హూవర్ డ్యామ్, అక్కణ్ణుంచి వెనక్కొచ్చి "వెల్‌కమ్ టు ఫ్యాబ్యులస్ లాస్ వేగస్" బోర్డు దగ్గర ఫొటో, సాయంత్రం బెలాజియో ఫౌంటెన్లు, చీకటి పడ్డాక ఫ్రీమాంట్ స్ట్రీట్ అనుకున్నాం. అన్నిట్లోకీ డ్యామే ముఖ్యం. మా మామగారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు, నాగార్జునసాగర్ మాట వస్తే చాలు, 1930ల్లోనే అమెరికావాళ్ళు 726 అడుగుల ఎత్తున హూవర్ కట్టారని మొదలుపెడతారు. డ్యామ్ మీద నిలబడి వీడియో కాల్ చేస్తామని ఆయనకి మాటిచ్చాం.

కాఫీ కోసం కిందికి దిగితే కౌంటర్ దగ్గర పిల్చారు. గంటన్నర ప్రజెంటేషన్, ఏ షోకైనా రెండు టికెట్లు, 100 డాలర్ల భోజనం కూపన్, డిపాజిట్ 40 డాలర్లు, అయిపోగానే తిరిగి ఇచ్చేస్తాం అన్నారు. రాత్రి ఫ్లైట్ ఉందని మొదటే చెప్పాం, అయితే అర్జెంటుగా ముగిస్తాం అని చీటీ మీద రాసిచ్చారు కూడా.

వ్యాన్‌లో ఎక్కించుకుని స్ట్రిప్‌కి దూరంగా ఒక బిల్డింగ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఐడీ, క్రెడిట్ కార్డు చూపించమన్నారు, ఏడాదికి ఎంత సంపాదిస్తారో ఫారంలో నింపమన్నారు. హాలు నిండా గుండ్రటి బల్లలు, ఒక్కో బల్లకీ ఒక జంట, ఒక సేల్స్‌మన్. మాకు వచ్చినాయన "నమస్తే" అని చేతులు జోడించి మీవాళ్ళు చాలామంది తీసుకున్నారని మొదలుపెట్టాడు. కాగితం మావైపు ఉంచి, తన వైపు నుంచి తలకిందులుగా, మాకు తిన్నగా కనపడేలా అంకెలు వేశాడు. ఏటా హోటళ్ళకి ఎంత ఖర్చు పెడతారు, దాన్ని ముప్పై ఏళ్ళకి లెక్కేస్తే ఎంత, చూశారా ఎంత డబ్బు వృథానో అని. (చేతిలో ఆ పనితనం మాత్రం మెచ్చుకోవాలి.) మధ్యమధ్యలో ఏదో బల్ల దగ్గర గంట కొట్టేవాళ్ళు, అంతా చప్పట్లు కొట్టాలి, ఎవరో కొన్నారన్నమాట.

వద్దు అన్నాం. మేనేజర్ వచ్చాడు. మొదట 38 వేల డాలర్లన్నది 24 వేలయింది. మళ్ళీ వద్దు అన్నాం, "నిర్ణయాలు తీసుకునేది మీరేనా, మేడమా" అని మా ఆయన్ని గిల్లాడు. నాకు ఒళ్ళు మండింది. గిఫ్ట్ తీసుకోవడానికి పంపిన గదిలో ఇంకొకావిడ కూర్చుని ఉంది, మూడు వేలకి ట్రయల్ ప్యాకేజీ అట. ఈ ధర ఈ రోజుకే, బయటికెళ్తే మళ్ళీ రాదు అని అందరిదీ ఒకటే పాట. గంటన్నర కాస్తా నాలుగు గంటలు దాటింది, తిరుగు వ్యాన్ ఇంకా రాలేదంటారు, డిపాజిట్ రెండుసార్లు అడిగితేగానీ ఇవ్వలేదు.

టికెట్లు అన్నవి వోచర్. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, వాళ్ళు చెప్పిన షోల్లోంచే, ఖాళీ ఉన్న రోజునే. మేం ఆ రాత్రే వెళ్ళిపోతున్నామని తెలిసే ఇచ్చారు. భోజనం కూపన్ ఒకే ఒక్క రెస్టారెంట్‌కి. హూవర్ డ్యామ్ పోయింది. బోర్డు దగ్గర పెద్ద క్యూ చూసి కార్లోంచే చూసి వచ్చేశాం, ఫ్రీమాంట్‌కి టైమ్ లేదు. బెలాజియోలో ఫౌంటెన్లూ లోపలి పూలతోటా రెండూ ఉచితమే, సాయంత్రం దాటాక నీళ్ళ ఆట పావుగంటకోసారి ఉంటుంది, ఒక్క ఆట చూసి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాం.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళు ఎవరైనా చదువుతుంటే టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం చేయకండి. నెవాడా చట్టం ప్రకారం సంతకం చేసిన తర్వాత ఐదో రోజు అర్ధరాత్రి వరకు టైమ్‌షేర్ కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు, శని ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. ఫోన్లో చెప్తే కుదరదు, లెటర్ రాసి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. ఈ హక్కు వదులుకున్నామని ఏ కాగితం మీద రాయించుకున్నా అది చెల్లదు. గడువు దాటితే మాత్రం కష్టం. మెయింటెనెన్స్ ఫీజు మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటా కట్టాలి, ఏటా పెరుగుతుంటుంది కూడా. అమ్ముదామంటే ఆన్‌లైన్‌లో ఒక్క డాలర్‌కి పెట్టినా కొనేవాళ్ళు లేని టైమ్‌షేర్లు బోలెడు. అప్పుడు "మేం విడిపిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఇంకో రకం వాళ్ళు ఫోన్ చేస్తారు, వాళ్ళకి అస్సలు కట్టకండి.

మీరు ఇప్పటికే ఆ హాల్లో కూర్చుని ఉంటే, చెప్పిన టైమ్ అవగానే లేచి డిపాజిట్ అడిగి తీసుకుని ఉబర్ పిలుచుకోండి, వ్యాన్ కోసం చూడకండి. షో చూడాలనుంటే థియేటర్ బాక్సాఫీసులోనో వాళ్ళ సొంత సైట్‌లోనో కొనుక్కోండి. 2025 మే నుంచి టికెట్లకీ హోటల్ గదులకీ తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలని ఫెడరల్ రూల్ వచ్చింది, గది అద్దెకి పైన హోటళ్ళు వేసే రిసార్ట్ ఫీజు కూడా అందులోనే కనపడుతుంది. మా వోచర్ ఇంకా అలాగే ఉంది, ఎవరికైనా కావాలంటే ఇచ్చేద్దామని చూస్తే పేరు మార్చడం కుదరదట.