కార్డ్‌లెస్ హామర్ డ్రిల్లు: హైదరాబాద్ గోడల మీద కొన్నేళ్లు వాడాక

కర్టెన్ రాడ్లు, బ్లైండ్లు, దోమల మెష్ బిగించడం నా పని. కూకట్‌పల్లి నుంచి మల్కాజ్‌గిరి దాకా ఎవరో ఒకరి ఇంటి గోడకు రోజూ రంధ్రాలు వేస్తూనే ఉంటాను. కొన్నేళ్లుగా నా చేతిలో ఉన్నది 18 వోల్టుల బ్రష్‌లెస్ హామర్ డ్రిల్లు. బిట్టును పట్టుకునే చక్కు 13 ఎంఎం, బ్యాటరీలు రెండు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ సైజులో పేరున్న కంపెనీలవన్నీ పనిలో దగ్గరదగ్గరగానే ఉంటాయి, తేడా వచ్చేది ఏ గోడ మీద ఎలా వాడుతున్నామన్న దగ్గరే. ముందే చెప్పేస్తాను: ఇటుక గోడకు ఇంతకంటే సుఖమైన పనిముట్టు లేదు, కాంక్రీటుకు మాత్రం ఇది చాలదు. ఈ సంగతి తెలియక కొత్త డ్రిల్లు కాల్చేసుకున్నవాళ్లనీ, మణికట్టు బెణికించుకున్నవాళ్లనీ చాలామందినే చూశాను.

ఎందుకు చాలదో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో తెలియాలి. హామర్ డ్రిల్లులో పళ్లున్న చక్రాలు రెండు ఎదురెదురుగా ఉంటాయి. హామర్ గుర్తు మీద పెట్టి గోడకు అదిమినప్పుడు ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ బిట్టును ముందుకు కొడతాయి. దెబ్బలు నిమిషానికి 20,000 దాటుతాయి, కానీ ఒక్కో దెబ్బ చాలా చిన్నది. కాంక్రీటుకు వాడే వేరే పనిముట్టు రోటరీ హామర్, అందులో మోటారు ఒక పిస్టన్‌ను ఆడిస్తుంది, దాని ముందున్న గాలి నొక్కుకుపోయి దెబ్బ వేస్తుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే ఉండొచ్చు గానీ ఒక్కొక్కటీ కాంక్రీటును పిండి చేస్తుంది. దాని బిట్లు కూడా వేరు, వెనక కాడకు గాడులు ఉండే ఎస్‌డీఎస్ ప్లస్ రకం, మన చక్కులో మామూలుగా వాడే గుండ్రటి కాడ బిట్లు కావు. రాణిగంజ్‌లో గానీ ట్రూప్ బజార్‌లో గానీ కొనడానికి వెళ్తే ఈ రెండింటిలో ఏది కావాలో స్పష్టంగా అడగండి.

ఇక గోడల సంగతి. చిక్కడపల్లి, మలక్‌పేట వైపు పాత ఇళ్లలో ఎర్ర ఇటుక, దాని మీద మందంగా సిమెంటు ప్లాస్టరింగ్ ఉంటుంది. 6 ఎంఎం బిట్టు పెట్టి గట్టిగా, నిలకడగా నొక్కితే కొన్ని సెకన్లలో రంధ్రం అయిపోతుంది. ప్లాస్టరింగ్ పాతబడి లోపల డొల్లగా ఉన్నచోట మాత్రం హామర్ వేయగానే పెచ్చు ఊడుతుంది. అలాంటి ఇంట్లో ఒక పెద్దావిడ, "బాబూ, మొన్నే సున్నం వేయించాం, పెచ్చులు రాలిపోతాయేమో చూడు" అన్నారు. "మీరేం టెన్షన్ పడకండమ్మా, పైపొర దాటేదాకా హామర్ ఆపే ఉంచుతాను" అన్నాను, అలాగే వేశాను. వేలితో తట్టి చూస్తే డొల్ల శబ్దం ఇట్టే తెలిసిపోతుంది.

కర్టెన్ రాడ్డు కథ వేరు. కిటికీకి సరిగ్గా పైన ఉండేది లింటెల్, అంటే కాంక్రీటు. అందరూ బ్రాకెట్లు అక్కడే కావాలంటారు, హామర్ డ్రిల్లుకు చెమటలు పట్టేదీ అక్కడే. లింటెల్ కిటికీకి అటూ ఇటూ మామూలుగా ఓ 15 సెంటీమీటర్లు గోడలోకి వెళ్తుంది. కాబట్టి బ్రాకెట్‌ను కాస్త పక్కకో పైకో జరిపితే చాలా ఇళ్లలో ఇటుక దొరుకుతుంది, గది పొడవునా లింటెల్ బీమ్ పోసిన ఇళ్లలో పక్కకు జరిపినా లాభం ఉండదు, పైకే వెళ్లాలి. బిట్టు నుంచి రాలే పొడి చూడండి. ఎర్రగా ఉంటే ఇటుక, ముదురు బూడిద రంగులో నెమ్మదిగా రాలితే కాంక్రీటు, లేత రంగులో మెత్తగా, అడగకుండానే బోలెడు వచ్చేస్తుంటే ఏఏసీ బ్లాకు, అంటే గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంటు బ్లాకు. నేనైతే మొదటి సెంటీమీటరు లోపలే పొడి చూసి మిగతా పని నిర్ణయించుకుంటాను.

ఏఏసీ బ్లాకు మీద హామర్ వాడకండి, మామూలు డ్రిల్లు మోడ్ చాలు. హామర్ వేస్తే రంధ్రం వెడల్పయిపోయి, స్క్రూ పట్టుకోవడానికి లోపల పెట్టే గిట్టి గిరగిరా తిరుగుతుంది, నాలుగు రోజులకు బరువైన కర్టెన్‌తో పాటు రాడ్డు కిందికి వస్తుంది. వాటికి వేరే నైలాన్ గిట్టీలు దొరుకుతాయి, రూపాయో రెండో ఎక్కువైనా అవే కొనండి. ఇక తెల్లాపూర్, నార్సింగి, కోకాపేట వైపు కొత్త టవర్లలో చాలావాటికి మైవాన్ గోడలు, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన నిఖార్సయిన కాంక్రీటు, లోపల ఇనుప జాలీ. అక్కడికి నేను ఈ డ్రిల్లు ఒక్కటే పట్టుకుని వెళ్లను. ఒకటీ రెండు రంధ్రాలంటే ముందు 4 ఎంఎం వేసి తర్వాత 6 ఎంఎం వేయడం, మధ్యమధ్యలో బిట్టు బయటికి తీసి పొడి రాల్చడం, డ్రిల్లును చల్లారనివ్వడం చేస్తే అయిపోతుంది. ఇల్లంతా బిగించాలంటే రోటరీ హామర్ అద్దెకైనా తెచ్చుకోవాలి.

బిట్టు ఉన్నట్టుండి ముందుకు వెళ్లడం ఆగి శబ్దం ఖంగుమంటే ఇనుప రాడ్డు తగిలినట్టే. ఇంకా గట్టిగా నొక్కితే పోయేది బిట్టు కొన, తర్వాత మన మణికట్టు. 50 న్యూటన్ మీటర్లు దాటిన టార్క్ ఉన్న డ్రిల్లు ఇరుక్కుంటే బిట్టు ఆగిపోయి డ్రిల్లు తిరగబోతుంది, ఒక్క చేత్తో దాన్ని ఆపలేం. అందుకే పక్క హ్యాండిల్ తప్పకుండా బిగించుకోవాలి. చాలామంది దాన్ని పెట్టెలోనే వదిలేస్తారు, నిచ్చెన మీద నిలబడి ఒంటిచేత్తో వేస్తుంటారు, చూస్తుంటేనే నాకు గుండె దడదడలాడుతుంది. రాడ్డు తగిలితే మూడు నాలుగు సెంటీమీటర్లు జరిగి కొత్త రంధ్రం వేయండి. పిల్లర్‌లో, బీమ్‌లో రాడ్డును కోసే ప్రయత్నం అసలే వద్దు, బిల్డింగ్ బరువు మోసేది అదే.

కరెంటు గురించి గట్టిగా చెప్పాలి. బ్యాటరీ డ్రిల్లు కదా, షాక్ కొట్టదు అనే ధైర్యం తప్పు. కన్సీల్డ్ వైరింగ్‌లో పైపులు బోర్డు నుంచి మామూలుగా నిలువుగా పైకి గానీ కిందికి గానీ వెళ్తాయి, బిట్టు ఆ వైరుకు తగిలితే కరెంటు చక్కు దాకా వచ్చేస్తుంది. బోర్డుకు నేరుగా పైనా కిందా, ఏసీ పాయింటు, గీజర్ పాయింటు వరుసల్లో రంధ్రం వేయను. తప్పనిసరైతే ఇంటివాళ్లకు చెప్పి ఆ గది ఎంసీబీ కట్టేయిస్తాను, కార్డ్‌లెస్ కాబట్టి కరెంటు లేకపోయినా పని ఆగదు. బాత్రూమ్ గోడల్లో కుళాయికి నిలువుగా ఉన్న వరుస కూడా అంతే, అక్కడ ఉండేది నీళ్ల పైపు.

కళ్లద్దాలు, ఎన్95 మాస్కు, చెవుల్లో ప్లగ్గులు. కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. రంధ్రంలోని పొడిని నోటితో ఊదకండి, నేరుగా కళ్లలోకే వస్తుంది. చిన్న రబ్బరు బ్లోయర్ పంపు చాలు. వదులు చేతి గ్లౌజులు వేసుకోవద్దు, తిరిగే బిట్టు వాటిని లాగేసుకుంటుంది. చున్నీ, పొడుగు జుట్టు, వదులు చేతులున్న చొక్కా కూడా అంతే. బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ తీసేయడం అలవాటు చేసుకోండి, కనీసం ముందుకు-వెనక్కు బటన్‌ను మధ్యలో పెడితే ట్రిగ్గర్ లాక్ అవుతుంది. డ్రిల్లు తిరుగుతుండగా గేరు, మోడ్ రింగు మార్చకూడదు, గేర్ల పళ్లు అరిగిపోతాయి.

టైల్స్ మీద హామర్ అసలు వాడొద్దు. మాస్కింగ్ టేపు అతికించి, టైల్ బిట్టుతో నెమ్మదిగా మొదలుపెట్టి, టైలు దాటాకే గోడ బిట్టుకు మారాలి. కాలి ఎర్రబడ్డ బిట్టును నీళ్లలో ముంచకండి. కొనకు అతికించిన కార్బైడ్ ముక్క చిట్లిపోతుంది.

బ్యాటరీల దగ్గరికి వద్దాం, ఎందుకంటే మొత్తం ఖర్చులో పెద్ద వాటా వీటిదే. 18 వోల్టులన్నా "20 వోల్టులు మ్యాక్స్" అన్నా లోపల ఉండేది అవే 5 లిథియం సెల్స్ వరుస. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా ఛార్జ్ అయితే 4 దాటుతుంది. డబ్బా మీద 48 అనీ 88 అనీ పెద్ద అంకెలు రాసి తక్కువ ధరకు అమ్మేవి చూసి మోసపోకండి, ఎన్ని సెల్స్ ఉన్నాయో, ఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఎంతో అడగండి. మన ఊళ్లో వీటికి అసలు శత్రువు మే నెల. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున బండి డిక్కీలో బ్యాటరీ వదిలేస్తే లోపల వేడి ఇంకా ఎక్కువ ఉంటుంది. నేను వాటిని భుజానికి వేసుకునే సంచిలోనే పెట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్తాను. కాంక్రీటు మీద పని చేసి వేడెక్కిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టను, ఫ్యాన్ కింద కాసేపు ఉంచుతాను. మంచి ఛార్జర్ అయితే వేడి తగ్గేదాకా తనే ఆగుతుంది, నాసిరకం ఆగదు. పని లేని రోజుల్లో నిండా ఛార్జ్ చేసి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ దాచకుండా సగం ఛార్జ్ దగ్గర ఉంచుతాను. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలి పడుకోను, పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయను.

శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. సాయంత్రం పొడి బ్రష్‌తో గాలి రంధ్రాలు దులపాలి, బ్యాటరీ కాంటాక్టులు పొడి గుడ్డతో తుడవాలి. తడి గుడ్డ, పెట్రోలు, థిన్నర్ వద్దు. స్లాబుకు రంధ్రం వేసినప్పుడు పొడంతా చక్కులోకి దిగుతుంది, అందుకే బిట్టుకు ఒక ప్లాస్టిక్ గ్లాసు గుచ్చి పొడి అందులో పడేలా చేస్తాను, పని అయ్యాక చక్కును కిందికి వంచి రెండు మూడుసార్లు తెరిచి మూస్తాను. నా చక్కు ఇప్పటికీ బిట్టును జారనివ్వకుండా పట్టుకుంటోంది, గేర్లు కూడా మొదటి రోజులానే మెత్తగా పడుతున్నాయి. మోటారులో బ్రష్‌లు లేవు కాబట్టి వాటిని మార్చే గొడవా లేదు. బ్రష్ ఉన్నది కొంటే కార్బన్ బ్రష్‌లు బయటి నుంచి మార్చుకునే వీలు ఉందో లేదో చూసుకోండి.

రెండు బ్యాటరీల్లో పాతది ఈమధ్య నీరసించింది, ఇటుక మీద పర్వాలేదు గానీ లింటెల్ తగిలితే వెంటనే కట్ అయిపోతుంది. కొత్తది కొని, పాతదాని కాంటాక్టులకు టేపు చుట్టి షాపులోనే ఇచ్చేశాను. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారుచేసేవాళ్లదే. చెత్త ఆటోలో మాత్రం వేయకండి, అందులో నలిగితే లిథియం సెల్ అంటుకుంటుంది, ఆ మంట ముందు తగిలేది ఆటోలో ఉన్న మనుషులకు.