మడివాళ టు స్కందగిరి: ఆదివారం గ్రూపు ట్రెక్ ప్యాకేజీ డబ్బుకు తగ్గట్టుందా?

బెంగళూరు నుంచి చిక్కబళ్లాపుర దగ్గరి స్కందగిరి కొండకు టెంపోలో తీసుకెళ్లే ఏ ప్యాకేజీ పోస్టర్ మీద చూసినా మబ్బుల పైన సూర్యోదయం ఫొటోనే ఉంటుంది. అది చూసి డబ్బు కట్టొద్దు. ముందు అడగాల్సింది, టెంపో ఎన్ని చోట్ల ఆగుతుందని. మడివాళ, దొమ్మలూరు, మారతహళ్లి, హెబ్బాళ... ఒక్కో స్టాపులో ఎవరో ఒకరు "రెండు నిమిషాలు బ్రో" అంటారు. నాలుగు స్టాపులకు కలిపి ముప్పావుగంట అక్కడే పోతుంది. ఊరు దాటాక హైదరాబాద్ రోడ్డు మీద 60 కిలోమీటర్లు గంటంబావులో అయిపోతాయి. ఆలస్యమంతా ఊళ్లోనే.

రాత్రి ట్రెక్కుకు అనుమతి లేదు. గేటు తెరవకముందు ఎవర్నీ వదలరు. డిసెంబరులో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. సముద్రమట్టానికి 1,450 మీటర్ల ఎత్తున్న కొండ, పైకి నడక సుమారు 4 కిలోమీటర్లు. అలవాటున్నవాళ్లకు గంటన్నర, గుంపుతో అయితే రెండున్నర గంటలు. అందుకే చాలా గుంపులకు సూర్యుడు సగం దారిలోనే కనిపిస్తాడు. నవంబరు నుంచి జనవరి వరకు మబ్బులు కాళ్ల కింద కనిపించే అవకాశం ఎక్కువ, కానీ గ్యారంటీ లేదు. ఒక్కోసారి మబ్బు కొండ పైకే ఎక్కి కూర్చుంటుంది, అప్పుడు పైనున్న పాత కోట గోడ పక్కనే ఉన్నా కనపడదు.

అటవీశాఖ టికెట్ ఆన్‌లైన్‌లోనే, రోజుకు ఇంతమందికనే లెక్క. ప్యాకేజీ ధరలో టికెట్ కలిసిందో లేదో అడగండి. మీ పేరున్న టికెట్ కాపీ ముందురోజే తెప్పించుకోండి. "గేటు దగ్గర చూసుకుందాం" అన్నవాళ్లతో వెళ్లకపోవడమే మంచిది.

ఈ సర్వీసులో అసలు విలువ వెనకాల నడిచే మనిషిది. ముందు నడిచేవాడు ఎలాగూ ఉంటాడు. చివరి మనిషి వెనక ఒకరు లేకపోతే గుంపు తెగిపోతుంది. కింది పొదల్లో పశువులు వేసిన దారులు అసలు దారిలాగే ఉంటాయి, వెనకబడినవాళ్లు అటు తిరుగుతారు. దారి చీలిన ప్రతిచోటా ఆగి తలలు లెక్కపెట్టే గైడు దొరికితే ఆ ప్యాకేజీకి కళ్లు మూసుకుని అయిదు స్టార్లు ఇవ్వొచ్చు. పాతిక మందికి ఒక్క గైడంటే రెండే. చిక్కబళ్లాపుర వైపు తెలుగు బాగా నడుస్తుంది, లోకల్ గైడుతో మన భాషలోనే మాట్లాడొచ్చు.

ఎక్కడం కష్టమని అందరూ భయపడతారు గానీ, పడేది దిగేటప్పుడు. నున్నటి రాతిపలక మీద జొన్నగింజలంత ఇసుకరాళ్లు చెదిరి ఉంటాయి. వాటి మీద అడుగేస్తే కాలి కింద గోళీలు పోసినట్టే. అరిగిన రన్నింగ్ షూతో జారడం ఖాయం. గరుకుగా ఉన్న రాయి చూసుకుని, మోకాళ్లు కాస్త వంచి, చిన్న అడుగులు వేయాలి. భయంతో వెనక్కి వాలితే మడమ జారి నడుము మీద పడతారు. దిగే ముందు చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టండి. లేకపోతే బొటనవేలు షూ ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది.

పైన నీళ్లు దొరకవు, మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లాల్సిందే. తలకు కట్టుకునే లైటు తీసుకెళ్లండి. ఫోన్ టార్చి పట్టుకుంటే రాయి పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. కాటన్ టీషర్టు చెమటకు తడిసి పైన గాలికి వణికిస్తుంది, ఒకటి మార్చుకోవడానికి ఉంచుకోండి. తినేవి కవరులో చేతికి తగిలించుకోవద్దు, కోతులున్నాయి. టాయిలెట్ హైవే హోటల్లోనే, మొహమాటపడకుండా బండి ఆపించండి.

టిఫిన్ ఉందంటారు. ఇడ్లీ, వడ బాగానే ఉంటాయి, కాకపోతే కిందికి దిగాక, పదింటికి. అప్పటిదాకా రెండు అరటిపళ్లే దిక్కు.

మధ్యాహ్నం నంది హిల్స్ నుంచి తిరిగొచ్చే కార్లు కూడా కలిసి హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర బండి కదలదు. మడివాళలో ఎక్కినవాళ్లు మొదట ఎక్కి ఆఖరున దిగుతారు. కుదిరితే క్యాబ్‌లో వెళ్లిపోదామని హెబ్బాళలోనే దిగేవాళ్లు చాలామందే ఉంటారు.