నిమిషాల ముల్లు లేని వాచీ: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఈ వాచీకి ఒకటే ముల్లు. అది గంటల ముల్లు. నిమిషాల ముల్లు లేదు, సెకన్ల ముల్లు లేదు, తేదీ లేదు, అలారం లేదు. డయల్ చుట్టూ 144 సన్నని గీతలుంటాయి. ఒక గీత నుంచి ఇంకో గీతకి ఐదు నిమిషాలు. ముల్లు రెండు గీతల మధ్య ఉందంటే మనం ఆ ఐదు నిమిషాల్లో ఎక్కడో ఉన్నామని అర్థం. అంతకంటే వివరం కావాలంటే ఈ వాచీ ఇవ్వలేదు. బ్యాటరీ ఉండదు, రోజూ కీ ఇవ్వాలి. ఇలాంటిది కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి నా జవాబు ముందే చెప్పేస్తాను: డ్యూటీకి వద్దు, ఇంటికి తప్పకుండా కొనుక్కోండి.

నేను వార్డులో నర్సుని. నా పనంతా సెకన్లతోనే. నాడి చూడాలంటే సెకన్ల ముల్లు ఉండాల్సిందే. సెలైన్ ఎక్కించే మిషన్ లేనప్పుడు 500 మి.లీ. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్‌తో నిమిషానికి సుమారు 42 చుక్కలు పడేలా సరిచేయాలి. ఒక కన్ను చుక్క మీద, ఇంకో కన్ను వాచీ మీద. మందు ఇచ్చిన టైము, బీపీ చూసిన టైము, డాక్టరుకి ఫోన్ చేసిన టైము అన్నీ నిమిషంతో సహా రాయాలి. ఆ కచ్చితత్వం అంటే నాకు చాలా గౌరవం. అది ప్రాణాలు కాపాడుతుంది. కాకపోతే అది డ్యూటీ అయిపోయాక కూడా నాతోపాటు ఇంటికి వచ్చేది. బట్టలు మడతపెడుతుంటే లోపల ఒక లెక్క నడుస్తూ ఉండేది. మా అమ్మాయికి తల దువ్వుతుంటే అదే లెక్క. నాన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే అదే లెక్క. దేనికి ఆలస్యమవుతోందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, టెన్షన్ మాత్రం ఉండేది.

మామూలు వాచీ చూడగానే మనసు ఒక తీసివేత చేస్తుంది. ఏడూ నలభై మూడు కనిపిస్తే ఎనిమిదికి ఇంకా పదిహేడు నిమిషాలుందని వెంటనే లెక్క తేలుతుంది. ఆ పదిహేడులో ఏమేం చేయొచ్చో ఆలోచన మొదలవుతుంది. చేతిలో ఉన్న పని అక్కడే ఉంటుంది, మనం మాత్రం తర్వాతి పనిలోకి వెళ్లిపోతాం. ఒక్క ముల్లు వాచీలో తీసివేయడానికి సరైన అంకె దొరకదు. ముల్లు ఏడుకీ ఎనిమిదికీ మధ్య, ఎనిమిదికి కాస్త దగ్గరగా కనిపిస్తుంది. ఏ పూటలో ఉన్నామో తెలుస్తుంది, రోజు ఎంత గడిచిందో తెలుస్తుంది. మనసు అక్కడితో ఆగుతుంది. నాకు ఈ వాచీ వల్ల జరిగిన మేలంతా ఇదే, ఇది చిన్న మేలు కాదు.

ముల్లు ఎంత నెమ్మదిగా కదులుతుందో చెబితే ఇంకాస్త బాగా అర్థమవుతుంది. నిమిషాల ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు తిరుగుతుంది. గంటల ముల్లు అదే నిమిషంలో అర డిగ్రీ. నా వాచీలో ముల్లు పొడవు ఇంచుమించు 17 మి.మీ., అంటే దాని కొన గంట మొత్తం మీద ప్రయాణించేది 9 మి.మీ. లోపే. ఎంతసేపు చూసినా కదిలినట్టు కనిపించదు. మన పనిలో మనం ఉండి మళ్లీ చూస్తే కదిలి ఉంటుంది.

"అమ్మా, టైమెంత?" అని మా అమ్మాయి అడుగుతుంది. "ఎనిమిది కావస్తోంది" అంటాను. కొత్తలో "కావస్తోంది అంటే ఇంకా ఎన్ని నిమిషాలు?" అని గుచ్చి గుచ్చి అడిగేది. వాచీ తన చేతికే ఇచ్చేదాన్ని. కళ్లు దగ్గరగా పెట్టి గీతలు లెక్కపెట్టేది. ఇప్పుడు లెక్కపెట్టడం మానేసింది. "కావస్తోందా, సరే" అని బొమ్మ వేసుకోవడంలో మునిగిపోతుంది. పక్కన కూర్చుని తను రంగులు ఎలా ఎంచుకుంటుందో చూస్తాను. ఆకుపచ్చ తీసి, పక్కన పెట్టి, మళ్లీ అదే తీస్తుంది. అది చూస్తూ కూర్చోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇదేదో ఈ కాలం ఫ్యాషన్ అనుకోవద్దు. పాతకాలం గడియారాలు చాలావరకు ఇలాగే ఉండేవి. ఇటలీలోని ఫ్లోరెన్స్ పెద్ద చర్చిలో పావలో ఉచ్చెల్లో అనే చిత్రకారుడు 1443లో చిత్రించిన పెద్ద గడియారానికి ఒకే ముల్లు. అది ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో యంత్రాలు రోజుకు పావుగంట అటూ ఇటూ పోయేవి కాబట్టి నిమిషాలు చూపించినా పెద్దగా ఉపయోగం ఉండేది కాదు. 1656లో క్రిస్టియాన్ హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త లోలకం గడియారం తయారుచేశాక ఆ తేడా సెకన్లలోకి దిగింది. 1675లో జేబు గడియారాల్లో కూడా సన్నని చుట్ట స్ప్రింగ్ వచ్చి అవి కుదురుగా నడవడం మొదలైంది. నిమిషాల ముల్లు మామూలు విషయం అయింది ఆ తర్వాతే. అంటే మనుషులు చాలా కాలం ఒక్క ముల్లుతోనే పొలాలు దున్నారు, సంతలు పెట్టుకున్నారు, పిల్లల్ని పెంచారు. ఇది తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

కొనేవాళ్లకి ఇందులో రకాలు తెలియాలి. జర్మనీలోని మైస్టర్‌సింగర్ కంపెనీ 2001 నుంచి ముఖ్యంగా ఒక్క ముల్లు వాచీలకే పేరు పడింది. చిన్న కంపెనీలు కూడా కొన్ని ఉన్నాయి, నాది అలాంటి ఒక చిన్న కంపెనీది. కంపెనీ పేరు కన్నా రకం ముఖ్యం కాబట్టి దాని గురించే చెబుతాను. 12 గంటల డయల్ ఒకటి, 24 గంటల డయల్ ఒకటి. 24 గంటల దాంట్లో ముల్లు రోజుకు ఒక్క చుట్టే తిరుగుతుంది. కొన్నిటిలో మధ్యాహ్నం 12 పైన ఉంటుంది, ఉదయం ఆరు ఎడమ పక్కన, సాయంత్రం ఆరు కుడి పక్కన. రోజంతా ఒకేసారి కళ్లముందు పరిచినట్టుంటుంది, చూడ్డానికి నిజంగా అందంగా ఉంటుంది. కానీ గీతలు సాధారణంగా పావుగంటకొకటి. పైగా చిన్నప్పటి నుంచి అలవాటైన చోట్లు మారిపోతాయి కాబట్టి చూసిన ప్రతిసారీ ఆలోచించాలి. స్నేహితురాలిది కొన్నాళ్లు పెట్టుకుని చూశాను. నాకు 12 గంటలదే నచ్చింది, చూపుతోనే తెలిసిపోవాలి కదా.

ఇక లోపలి యంత్రం. ఇందులోనూ బ్యాటరీవి ఉన్నాయి, చెయ్యి కదిలితే తనంతట తనే స్ప్రింగ్ బిగించుకునే ఆటోమేటిక్‌లు ఉన్నాయి, కీ ఇచ్చేవి ఉన్నాయి. నేను కీ ఇచ్చేదే తీసుకోమంటాను. బ్యాటరీవి చవక, టైము కూడా వాటిదే ఎక్కువ కచ్చితం. వాటిలో ఉండే క్వార్ట్జ్ అనే స్ఫటికం ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, అంత కుదురు స్ప్రింగ్‌కి రాదు. అయినా కీ ఇవ్వడం అనే పని ఉండటమే ఈ వాచీలో సగం ఆనందం.

నేను ఉదయం లేవగానే కీ ఇస్తాను. వాచీని చేతి నుంచి తీసి ఇవ్వాలి, చేతికి ఉండగా తిప్పితే కీ పక్కకి వంగి లోపలి కడ్డీ మీద ఒత్తిడి పడుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ముందుకి తిప్పాలి. కిటకిట మంటూ సన్నని చప్పుడు. మొదట్లో తేలిగ్గా తిరుగుతుంది, పోనుపోను వేలికి బరువు తెలుస్తుంది. ఇక చాలు అని అదే చెబుతుంది, అక్కడ ఆపేయాలి, బలవంతంగా తిప్పకూడదు. ఇలా నిండా ఇస్తే సుమారు 40 గంటలు నడుస్తుంది. ఒకరోజు మర్చిపోయినా వెంటనే ఆగిపోదు. ఈ కొద్దిసేపట్లో ఫోన్ చూడను, పొయ్యి దగ్గరికి వెళ్లను, ఎవరైనా పిలిస్తే "వస్తున్నా, వాచీకి కీ ఇస్తున్నా" అంటాను. రోజు ఎవరో పంపిన మెసేజ్‌తో కాకుండా నా వేళ్ల కదలికతో మొదలవుతోంది. ఆ తేడా మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఇది నా అనుభవం, అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పను, కానీ ప్రయత్నించి చూడమని మాత్రం గట్టిగా చెబుతాను.

ఆ బిగించిన స్ప్రింగ్ ఒక్కసారిగా విప్పుకోకుండా యంత్రం దాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. నా వాచీ సెకనుకు 8 సార్లు కొట్టుకుంటుంది, అంటే గంటకు 28,800. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వాటికింద చిన్న కెంపురాళ్లు ఉంటాయి. వాచీ మీద 17 జ్యువెల్స్ అని రాసుంటే దాని అర్థం అదే. ఇవి గనిలోంచి తీసినవి కావు, తయారుచేసినవి. కృత్రిమ కెంపులు చేసే పద్ధతిని ఓగుస్త్ వెర్నాయ్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త 1902లో ప్రకటించాడు. నా వాచీకి వెనకవైపు అద్దం ఉంది, ఆ ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. సెలవు రోజున వెనక్కి తిప్పి లోపలి చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంటే చూస్తాను. ముందువైపు ఏమీ కదలనట్టుంటుంది, వెనక ఇంత పని జరుగుతూ ఉంటుంది. వీలైతే అద్దం ఉన్నదే తీసుకోండి.

కీ ఇచ్చే వాచీలు రోజుకు కొన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోవడం మామూలే. అలాంటివి వాడేవాళ్లలో చాలామందికి అదే దిగులు, ఫోన్ పక్కన పెట్టుకుని సెకన్లు పోల్చుకుంటూ ఉంటారు. ఒక్క ముల్లు దాంట్లో ఆ దిగులుకే చోటు లేదు. రోజుకు పది సెకన్లు పోయినా ఒక గీత తేడా రావడానికి నెల పడుతుంది. అప్పుడు ఒకసారి సరిచేసుకుంటే చాలు. సరిచేసేటప్పుడు మాత్రం ఓపిక కావాలి. కీని లోపలికి నొక్కేటప్పుడు ముల్లు వెంట్రుకవాసి జరుగుతుంది. గీత మీద సరిగ్గా నిలబెట్టడానికి రెండు మూడు సార్లు పడుతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. చీకట్లో కనపడదు, ముల్లుకి వెలిగే పూత లేదు. అది ఉన్న మోడళ్లు వేరే కంపెనీల్లో ఉన్నాయి, రాత్రిళ్లు లేచేవాళ్లు అవే చూసుకోండి. నీళ్లకి పెద్దగా ఆగదు, గిన్నెలు కడిగేటప్పుడు తీసి పెట్టాలి. అయస్కాంతం పడదు. ఫోన్ స్పీకర్, ట్యాబ్ కవర్ లాంటి వాటి పక్కన పెడితే లోపలి స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టి వాచీ తొందరగా నడవొచ్చు. ఐదేళ్లకోసారి అయినా విప్పి నూనె వేయించాలి, అది తెలిసిన మెకానిక్ మాత్రమే చేయాలి. డయల్ పెద్దదిగా ఉండాలి కాబట్టి సన్నని మణికట్టుకి కాస్త ఎక్కువనిపిస్తుంది. గీతలు సన్నగా, ముల్లు కొన సూదిలా ఉండి డయల్‌కి దగ్గరగా లేకపోతే పక్కనుంచి చూసినప్పుడు ఒక గీత అటూ ఇటూ కనిపిస్తుంది. ఫొటోలో ఇది తెలియదు, చేత్తో పట్టుకుని చూసి కొనండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫోన్ సంగతి. జేబులో ఫోన్ పెట్టుకుని, టైము అందులో చూసుకుంటూ, చేతికి ఈ వాచీ పెట్టుకుంటే అది గాజు లాంటి అలంకారమే. నేను ఇంటికి రాగానే ఫోన్ ఒక గదిలో వదిలేస్తాను. రింగ్ అయ్యేలా సౌండ్ పెట్టి ఉంచుతాను, వార్డు నుంచి పిలుపొస్తే వినపడుతుంది. ఎక్కడికైనా సరైన టైముకి వెళ్లాల్సి ఉంటే అలారం పెట్టేస్తాను, గుర్తు పెట్టుకునే పని దానిది. అలా వదిలేశాకే వాచీ తన పని చేయడం మొదలుపెట్టింది. మా ఆయన ఇంకా ఫోన్ దగ్గరే టైము చూస్తారు, ఆయనకి ఈ వాచీ వల్ల ఏ తేడా తెలియలేదని అన్నారు. అది కూడా నిజమే అయ్యుంటుంది.

నాన్న ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ గదిలోకి వెళ్లి కూర్చుంటాను. ఆయనకి ఏ సంగతైనా మొదటి నుంచి చెప్పడం అలవాటు. పెరట్లో చెట్టు గురించి చెప్పాలంటే దాన్ని నాటిన రోజు నుంచి మొదలుపెడతారు. "నీకు పనుందేమో తల్లీ" అని మధ్యలో ఆగుతారు. "ఏం లేదు, చెప్పండి నాన్నా" అంటాను, ఇప్పుడు ఆ మాట నిజంగానే అంటున్నాను. చెట్టు గురించి అయ్యాక మా అమ్మ గురించి ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పారు మొన్న. అది ఇక్కడ రాయను. మొదటి పది నిమిషాల్లో ఫోన్ పెట్టేసుంటే అది నాకు తెలిసేది కాదు.

రైళ్లు, బస్సులు పట్టుకునే పనిలో ఉన్నవాళ్లు, ఆసుపత్రుల్లో, వంటశాలల్లో, కంట్రోల్ రూముల్లో పనిచేసేవాళ్లు దీన్ని డ్యూటీలో పెట్టుకోవద్దు. నేనూ పెట్టుకోను, నా యూనిఫాం జేబుకి సెకన్ల ముల్లున్న బ్యాటరీ వాచీ వేలాడుతూ ఉంటుంది. మొదటిసారి వాచీ కొనేవాళ్లకి కూడా ఇది ఒక్కటే సరిపోదు. పని నుంచి రిటైరైనవాళ్లకి, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకి, నాలాగా పనిలో నిమిషాలతో రోజంతా గడిపేవాళ్లకి ఇవ్వదగ్గ మంచి బహుమతి. ఇచ్చేటప్పుడు కీ ఎలా ఇవ్వాలో పక్కన కూర్చుని ఒకసారి చూపించండి, డబ్బాలో ఉండే కాగితం మీద అక్షరాలు మరీ చిన్నగా ఉంటాయి.