రెడీమేడ్ కోడి బాక్స్ కొనేవాళ్లు జాగ్రత్త: పాస్‌వర్డ్ ఇవ్వడు, రిపేర్ పేరుతో లైబ్రరీ తుడిచేశాడు

నిన్న రాత్రి జరిగింది ఇది. పొద్దున్నుంచి ఆఫీసు పని మీద మనసు నిలవడం లేదు. ఇంకెవరికీ ఇలా జరగకూడదని రాస్తున్నాను.

హైదరాబాద్ గ్రూపుల్లో మినీ పీసీలో కోడి (మన వీడియోలను టీవీలో చూపించే సాఫ్ట్‌వేర్), మరియాడీబీ (ఆ వీడియోల పేర్లూ వివరాలూ దాచే డేటాబేస్) అన్నీ వేసి "తగిలించుకుంటే చాలు" అని అమ్మే ఆయన మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను, చదివితే మీకే అర్థమవుతుంది. ఎనిమిది నెలల క్రితం 16,500 ఇచ్చి కొన్నాను. హాల్లో సగం చూసి ఆపింది పడకగదిలో అక్కడి నుంచే మొదలవ్వాలని డేటాబేస్ పెట్టించుకున్నాను. బాగానే నడిచింది, కాదనను.

మా నాన్న రిటైర్డ్ టీచరు. మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో వేసిన పద్యనాటకాలు, చుట్టాల పెళ్లిళ్లు, అన్నీ పాత వీడియో క్యాసెట్ల నుంచి ఎక్కించి పెట్టాం. 412 వీడియోలు. ఫైళ్ల పేర్లు చూస్తే అంకెలు తప్ప ఏమీ ఉండవు. వేసవి సెలవుల్లో నాన్న ఒక్కోటి చూసి ఏ ఊరు, ఏ ఏడాది, ఎవరు ఏ వేషం కట్టారు అని చెబుతుంటే మా అమ్మాయి కూర్చుని కోడి లైబ్రరీలో పేర్లు మార్చింది. రెండు నెలలు పట్టింది. అందులో వేషాలు కట్టినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లను గుర్తుపట్టి చెప్పగలిగింది నాన్న ఒక్కరే.

పోయిన ఆదివారం పడకగది టీవీకి తగిలించే కొత్త స్టిక్ కొని కోడి వేశాను. 21 వెర్షన్ దిగింది. బాక్స్‌లో ఉన్నది 20. పాత స్టిక్‌లో ఉన్న అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ ఫైలు (డేటాబేస్ చిరునామా, దాని యూజర్, పాస్‌వర్డ్ ఉండేది) యథాతథంగా దీంట్లో పెట్టాను. లైబ్రరీ ఖాళీగా వచ్చింది. లాగ్ (కోడి రాసుకునే చిట్టా) తెరిస్తే ఎర్రర్ నంబరు 1044, కోడి అనే యూజర్‌కి మైవీడియోస్131 అనే డేటాబేస్ మీద యాక్సెస్ డినైడ్ అని ఉంది. దాని స్క్రీన్‌షాట్ అతనికి పంపాను.

మొదటి జవాబు: "రూటర్ ప్రాబ్లం సార్." రెండోది: "స్టిక్ మంచిది కాదు సార్, నా దగ్గర వేరేది ఉంది." పోనీ బాక్స్ పాస్‌వర్డ్ ఇవ్వండి, తెలిసినవాళ్లకు చూపించుకుంటాను అన్నాను. "అది ఇవ్వం సార్, మా సెటప్ బయటికి పోతుంది" అన్నాడు. నేను డబ్బు పెట్టి కొన్న బాక్స్‌కి నాకు పాస్‌వర్డ్ ఇవ్వడట! కొన్న రోజే అడగకపోవడం నా తప్పు. ఆ రోజు టీవీలో బొమ్మ కనబడిందని సంతోషంలో ఏమీ అడగలేదు.

చివరికి రిమోట్‌లో చూస్తానని 1,200 ముందే యూపీఐ చేయించుకున్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకు లైన్లోకి వచ్చాడు. బాక్స్ తగిలించిన టీవీ తెర మీద నల్ల కిటికీ తెరిచి టకటకా కొడుతున్నాడు. నాన్న కూడా పక్కనే కూర్చుని చూస్తున్నారు. ఒకచోట ఆగి, "పాతది అడ్డం పడుతోంది సార్, క్లీన్ చేసేదా?" అన్నాడు. క్లీన్ అంటే ఫోన్లో క్యాష్ తీసేసినట్టు ఏదో అనుకున్నాను. "చేయండి" అన్నాను. ఆ ఒక్క మాట ఎందుకన్నానా అని రాత్రంతా నిద్ర లేదు. డ్రాప్ డేటాబేస్ (మొత్తం తుడిచేయమని), మైవీడియోస్121 అని కొట్టి ఎంటర్ నొక్కాడు. క్వెరీ ఓకే అని వచ్చింది. ఆ తర్వాత ఇంకో లైను కొట్టి, "ఇప్పుడు చూడండి సార్, లాగిన్ అవుతుంది" అన్నాడు.

లాగిన్ అయింది. లోపల ఏమీ లేదు. హాల్లో టీవీలోనూ ఏమీ లేదు.

పేర్లన్నీ ఏవయ్యా అంటే అతనన్న మాట ఇదీ: "వీడియోలు ఉన్నాయిగా సార్, పోయింది పేర్లే కదా, మళ్లీ కొట్టుకోండి. మీరే ఓకే అన్నారు, నా దగ్గర కాల్ రికార్డ్ ఉంది." స్పీకర్ ఆన్‌లో ఉంది. నాన్న విన్నారు. ఏమీ అనకుండా లేచి గదిలోకి వెళ్లిపోయారు. నేను మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. పొద్దున చూస్తే బ్లాక్ చేశాడు.

మధ్యాహ్నం మా ఆఫీసులో డేటాబేస్ పని చేసే అమ్మాయికి ఆ స్క్రీన్‌షాట్ చూపించాను. రెండు నిమిషాల్లో చెప్పింది. అసలు కనెక్షనే కుదరకపోతే 2003 వస్తుంది, పాస్‌వర్డ్ తప్పయితే 1045 వస్తుంది. 1044 వచ్చిందంటే రూటరూ బాగుంది, స్టిక్కూ బాగుంది, పాస్‌వర్డూ సరైనదే. కోడి పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా కొత్త నంబరుతో డేటాబేస్ తయారు చేసుకుంటుంది. 20కి 121, 21కి 131. ఇతను మొదట్లో ఆ యూజర్‌కి పాత డేటాబేస్ మీద మాత్రమే హక్కు ఇచ్చాడు, కొత్తది తయారు చేసుకునే హక్కు ఇవ్వలేదు. అంటే తప్పు మొదటి నుంచీ అతని సెటప్‌లోనే ఉంది. ఆ హక్కు ఇచ్చే గ్రాంట్ లైను ఒక్కటి కొడితే చాలు, కోడి 21 తనంతట తానే పాతదాన్ని కాపీ చేసుకుని కొత్తది తయారు చేసుకునేది. పాతది అలాగే ఉండేది. అది దేనికీ అడ్డం కాదు. చివర్లో అతను కొట్టిన ఆ ఇంకో లైను ఈ గ్రాంటే. అదే ముందు కొట్టి ఉంటే!

బ్యాకప్ లేదు. అతను తీయలేదు, తీయాలని నాకు తెలియదు.

కొనేవాళ్లకు రెండు మాటలు. బాక్స్ పాస్‌వర్డ్ చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు. ఈ బాక్స్‌ల్లో మామూలుగా మరియాడీబీ రూట్‌కి (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌కి) వేరే పాస్‌వర్డ్ అక్కర్లేదు, బాక్స్ పాస్‌వర్డ్‌తో సుడో (అడ్మిన్‌గా కమాండ్ నడపడం) చేస్తే లోపలికి వెళ్లొచ్చు. కాబట్టి అది మీ దగ్గరుంటే అతని కాళ్లావేళ్లా పడాల్సిన పని లేదు. ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రోజే కోడి సెట్టింగ్స్‌లో మీడియా కిందకి వెళ్లి లైబ్రరీని విడి ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. పేర్లు వీడియోల పక్కనే ఫైళ్లలో ఉంటాయి.

తుడిచేసిన మరియాడీబీ ఫైళ్లను డిస్క్‌లోంచి తిరిగి తీయగలిగినవాళ్లు ఎవరైనా తెలిస్తే దయచేసి చెప్పండి. రాత్రి పదిన్నరకే బాక్స్ ఆపేసి ప్లగ్ పీకేశాను, అప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. ఎంత ఖర్చయినా ఇస్తాను.