వేరు పొడి (ఐబీఏ): ఎండ దెబ్బ తిన్న కొమ్మకు ఎంతవరకు పనికొస్తుంది?

నర్సరీ దుకాణాల్లో రూటింగ్ హార్మోన్ పేరుతో దొరికే తెల్లటి పొడి, టాల్క్ అనే మెత్తటి ఖనిజ పొడిలో కలిపిన ఐబీఏ (ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం), అంటే వేళ్లు పుట్టించే హార్మోన్. మల్లె, మందారం, బోగన్‌విలియా, దానిమ్మ కటింగులకు (నాటడానికి కోసిన కొమ్మ ముక్కలకు) ఇది నిజంగా పనిచేస్తుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో పొడి అద్దిన కొమ్మలు కూడా ట్రేల కొద్దీ ఎండిపోతుంటాయి. చాలాసార్లు లోపం డబ్బాలోని పొడిలో ఉండదు, దాహంతో ఉన్న చెట్టు నుంచి కొమ్మ కోయడంలో ఉంటుంది.

కొమ్మ కోశాక చిగుళ్లలో తయారైన ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ కిందికి దిగి కోత దగ్గర పోగవుతుంది. అక్కడి కణాలు పాత పని మానేసి మళ్లీ విభజన మొదలుపెడతాయి, వాటిలోంచే వేళ్లు పుడతాయి. ఐబీఏ కూడా ఒక ఆక్సినే కాబట్టి, పొడి చేసే సాయం ఈ ఆక్సిన్‌ను పెంచడం ఒక్కటే. విభజనకు కావలసిన నీరు, పిండి పదార్థం కొమ్మే తెచ్చుకోవాలి. నీటి ఎద్దడిలో ఉన్న చెట్టులో అబ్సిసిక్ ఆమ్లం అనే ఎద్దడి హార్మోన్ పెరిగి ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఆహారం తయారీ పడిపోతుంది, నిల్వలు తరిగిపోతాయి. దానికి తోడు ఎథిలీన్ అనే వాయు హార్మోన్ పెరిగి ఆకులు రాలితే లోపలి ఆక్సిన్ సరఫరా కూడా తగ్గుతుంది. అలాంటి కొమ్మకు ఎంత పొడి అద్దినా ఫలితం అంతంతమాత్రమే.

అందుకే పొడి కంటే ముందు తల్లి మొక్కను చూడాలి. కోతకు రెండు మూడు రోజుల ముందు నుంచి నిండుగా నీళ్లు పెట్టండి. ఎండ ఎక్కక ముందే కోయండి, కోసిన వెంటనే తడిగుడ్డలో చుట్టండి. పూత మీద ఉన్న కొమ్మ వద్దు. యూరియా బాగా తిని ఏపుగా సాగిన లేత కొమ్మా వద్దు, అది వేరు పోయక ముందే కుళ్లుతుంది.

పొడి సాధారణంగా మూడు మోతాదుల్లో వస్తుంది: లేత కొమ్మకు 0.1 శాతం, సగం ముదిరినదానికి 0.3, బాగా ముదిరిన కట్టెకు 0.8. కణుపు కిందుగా కోసి, అడుగు 1 నుంచి 2 సెంటీమీటర్లు మాత్రమే అద్ది, వేలితో తట్టి ఎక్కువైంది రాల్చేయండి. పొడి అంటినంత మేరే నల్లబడితే మోతాదు ఎక్కువైందని అర్థం. గుచ్చేటప్పుడు పొడి రాలిపోకుండా ముందే పుల్లతో రంధ్రం చేసుకోండి. డబ్బాలో నేరుగా ముంచవద్దు. తడి తగిలితే మిగతా పొడి కూడా పాడవుతుంది.

ఆకులు రెండే ఉంచి, పెద్దవైతే సగానికి కత్తిరించండి. వేళ్లు లేని కొమ్మ నీళ్లు తాగేది కోత గుండానే కాబట్టి ఆవిరయ్యేది తగ్గించాలి. అలాగని ఎండలో పాలిథిన్ కవరు కప్పితే లోపల కొమ్మ ఉడికిపోతుంది. పైన 50 శాతం షేడ్ నెట్ ఉంటేనే కవరు వాడండి. మట్టి దగ్గర 25 నుంచి 30 డిగ్రీలు మంచిది. 35 దాటితే వేరు రావడం తగ్గి కుళ్లు పెరుగుతుంది.

చాలామంది పట్టించుకోనిది ఉప్పు. బోరు నీళ్లు టీడీఎస్ మీటరులో (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) 500 పీపీఎం దాటితే వర్షపు నీళ్లు కలిపి వాడండి. ఆర్‌వో యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం అస్సలు వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుకను మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, సగానికి సగం ముతక ఇసుక కలపండి.

చిగురు వచ్చిందని సంబరపడి కొమ్మ పీకి చూడకండి. వేరు లేకుండానే నిల్వ ఆహారంతో చిగురు రావచ్చు. మల్లెకు నెల నుంచి నెలన్నర, దానిమ్మకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి.

పొడిలో అసలు లోపం అమ్మకంలో ఉంది. చిన్న పొట్లాలుగా విడదీసి అమ్మేవాటి మీద చాలాసార్లు శాతం ఉండదు, తయారీ తేదీ ఉండదు. అలాంటివి ఎంత చవకైనా తీసుకోకండి. వెలుతురు, వేడి తగిలితే ఐబీఏ బలం తగ్గుతుంది కాబట్టి ఎండ పడే అద్దాల అరలో పెట్టిన డబ్బా కూడా వద్దు. ఇంట్లో మూత బిగించి ఫ్రిజ్‌లో, పిల్లలకు అందకుండా ఉంచండి.

మామిడి కోసమైతే ఈ పొడి కొనకండి. దాని కొమ్మ సులువుగా వేరు పోయదు, అంటు కట్టాల్సిందే.